బల్ల కింది చాట

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోయాను, ఎందుకంటే అప్పుడు నాకు అక్షరాలు రావు. నలభై మూడో ఏట వయోజన విద్య తరగతిలో కూర్చున్నాను. పేరు రాయడానికి ఒక ఎండాకాలం పట్టింది, బస్సు బోర్డు చదవడానికి ఒక వానాకాలం. ఇంత పొడుగు ముచ్చట కాగితం మీద పెట్టడానికి మరి కొన్నేళ్లు. అక్షరాలు వచ్చాక కూడా దీన్ని మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. కాగితం ముందు పెట్టుకోగానే ఆ మేడ మీది గది గుర్తొచ్చి అరచేతులు చెమట పట్టేవి. ఇప్పుడూ పడుతున్నాయి. కొంగుకు తుడుచుకుంటూ రాస్తున్నాను.

అది 1994, ఏప్రిల్ నెల. ఆర్మూర్‌లో పసుపు అమ్మకాలు జోరుగా సాగే రోజులు. నేను అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఒక ఖరీదుదారు దుకాణంలో పని చేస్తున్నాను. ఖరీదుదారు అంటే రైతుల దగ్గర పసుపు కొని బయటి ఊళ్లకు పంపే వ్యాపారి. కమ్మర్‌పల్లి, సిరికొండ వైపు నుంచి బండ్ల మీద, ట్రాక్టర్ల మీద పసుపు వచ్చేది. మాలు కుప్ప పోయగానే నన్ను పిలిచేవారు. కుప్ప పైన చూడకూడదు, పైన అందరూ మంచిదే పెడతారు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి కడుపులోంచి పిడికెడు తీయాలి. ఒక్కో కొమ్మును విరవాలి. బాగా ఎండినది టక్కున విరుగుతుంది. తేమ ఉన్నది చప్పుడు చేయదు, వంగి చీలుతుంది. ఈ తేమనే మా దుకాణం సేటు మాయిశ్చర్ అనేవాడు. ఉడుకు ఎక్కువైనది, తక్కువైనది లోపలి రంగులో తెలుస్తుంది. పుచ్చినది చేతిలో పట్టుకుంటేనే తేలికగా ఉంటుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. చదివేవారికి ఇది తెలియాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఏరేవాళ్లం ఎప్పుడూ మాలు బాగుంది అని అనకూడదు. తప్పు ఉంటే తప్పు పేరు అరిచి చెప్పాలి: తేమ, పుచ్చు, మట్టి. చెడ్డ కొమ్మును ఎడమ చేత్తో పక్కకు వేయాలి. ఏమీ అనకపోతే మాలు బాగున్నట్టే లెక్క. నేను నోరు మూసుకుంటే సేటు తల ఊపి ధర చెప్పేవాడు. పద్దెనిమిదేళ్లు నా మౌనం మీద కుప్పలు అమ్ముడుపోయాయి.

ఆ ఏడు మాకు ఒక ఆలోచన వచ్చింది. మాకు అంటే ఏరేవాళ్లం పదిమందికి. బస్టాండు వెనుక ఒక పాత కారం గిర్ని, అంటే కారం పట్టే మర, అమ్మకానికి వచ్చింది. దాని యజమాని ముసలాయన, మంచివాడు. మేము దాన్ని తీసుకుని పసుపు పట్టి ప్యాకెట్లు చేసి అమ్మాలనుకున్నాం. మంచి పసుపు ఏదో మాకు తెలిసినంత ఎవరికి తెలుసు? నెలాఖరు వరకు ఆగుతానని ఆయన మాటిచ్చాడు. అప్పటికే పాత ఇనుము కొనేవాడు వచ్చి మిషన్ల చుట్టూ తిరిగి చూసిపోయాడు. నెల దాటితే గిర్ని ముక్కలైపోతుంది.

ఈ కబురు సేటు చెవిన పడింది. ఆయన పదిమందినీ వరుసగా నిలబెట్టి, కోపం లేకుండానే చెప్పాడు.

"పోతే పోండ్రి. మళ్ల ఈ గడప తొక్కొద్దు. ఆర్మూర్‌ల ఏరేటోళ్లకు కరువా?"

ఆ మాట నిజమని మాకు తెలుసు. అందుకే భయమేసింది. పదిమందిలో నలుగురి ఇళ్లలో సంపాదించే మనిషి ఆమె ఒక్కతే. గిర్ని రాక, దుకాణమూ పోతే వాళ్ల పొయ్యి ఎట్లా వెలుగుతుందన్నది నా గుండె మీద కూర్చుంది. ఈ ఆలోచన ముందు నా నోటి నుంచే వచ్చింది మరి.

గిర్ని కొనడానికి మా దగ్గర ఉన్నది చాలదు. అప్పుడు శ్రీధర్ సార్ తగిలాడు. నిజామాబాద్‌లో ఉండేవాడు, చిన్న ఫ్యాక్టరీలు పెట్టుకునేవాళ్లకు ప్రాజెక్ట్ రిపోర్టులు రాసిచ్చేవాడు. ప్రాజెక్ట్ రిపోర్టు అంటే మనం ఏం చేయబోతున్నాం, మన దగ్గర ఏముంది, ఏం కావాలి అని రాసిన పుస్తకం లాంటిది. ముగ్గురు ఇన్వెస్టర్లను తీసుకొస్తానన్నాడు. అప్పు ఇచ్చేవాళ్లు కాదు, పెట్టుబడి పెట్టి లాభంలోనూ నష్టంలోనూ భాగం పంచుకునేవాళ్లు. వాళ్ల ముందు ఒకరు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలట. ఇప్పుడు దాన్ని పిచ్ అంటున్నారు. ఆయన ప్రజెంటేషన్ అన్నాడు.

"నువ్వే మాట్లాడాలె భూమక్కా. కుప్పల మీద అరిచిన గొంతు నీది," అన్నాడు.

నేను చదువు రానిదాన్ని అన్నాను. చదివేది కాదు, చెప్పేది అన్నాడు. తను రాసిన మాటలు రెండుసార్లు చదివి వినిపించాడు. నేను చెవితో పట్టుకున్నాను. రిపోర్టు టైపు చేయించి తెచ్చి, చివరి పేజీలో మా పదిమంది సంఘానికి పెద్దగా నా వేలిముద్ర వేయించుకున్నాడు. పద్నాలుగు పేజీలు. ఏముందో ఎవరం అడగలేదు. కాగితం అంత ముద్దుగా ఉంటే అడగడానికి జంకు పుట్టింది.

ఐదు నిమిషాలు అంటే ఎంతో నాకు తెలియదు. శ్రీధర్ సార్ గడియారం చూస్తుంటే నేను ఒక చాటెడు పసుపు ఏరాను. చాట అయిపోయేసరికి ఐదు నిమిషాలు అన్నాడు. నాకు అది చాలు. వారం రోజులు చాట ముందు పెట్టుకుని, చేతులు ఏరుతుంటే నోరు ఆ మాటలు చెప్పేది. చాటతో పాటు మాటలు అయిపోవాలి. మాలో ఒకామె, రాజవ్వ, నా ఎదురుగా కూర్చుని తప్పులు పట్టేది. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది, నోరు ఊరికే ఉండదు.

"నీ మాటలు వింటే నాకే పైసలు పెట్టబుద్ధి అయితుందే," అనేది. "నా కొంగుల ముడి ఉంది గని దాంట్ల ఏం లేదు, అదే కష్టం."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ చివరి మూడు రోజులు పడుకున్నా ఆ మాటలే చెప్పుకునేదాన్ని. మాటలన్నీ వచ్చు, అయినా ఒక్క మాట మరిచిపోతే వెనక ఉన్నవన్నీ కూలిపోతాయని భయం. చదువు వచ్చినవాళ్లు మాట తప్పితే కాగితం చూసుకుంటారు. నాకు చూసుకోవడానికి ఏమీ లేదు.

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు అంగడి దగ్గర ఒక లాడ్జి మేడ మీద గది తీసుకున్నారు. నేను, రాజవ్వ పైకి పోవాలి. మిగతా ఎనిమిదిమంది కింద వేపచెట్టు నీడన కూర్చున్నారు. మేమిద్దరం మెట్లు ఎక్కాం.

రాజవ్వ చేతిలో రెండు సామాన్లు ఉన్నాయి. ఒకటి స్టీలు డబ్బాలో మేము పట్టించిన పసుపు పొడి. రెండోది గుడ్డ కప్పిన చాట. చాటలో ఏముందని శ్రీధర్ సార్ గుడ్డ ఎత్తి చూశాడు. ఏరి పారేసిన పసుపు: పుచ్చినవి, తేమవి, నల్లబడినవి, మట్టి గడ్డలు. మాలు చూపించే చోట ఏరిన చెత్తను కూడా పక్కన పెట్టడం మా అలవాటు. ఎంత ఏరామో కొనేవాడికి తెలియాలి కదా.

"ఎవరన్న పిల్లను చూపించేటప్పుడు పక్కన ముక్కుచీమిడి గుడ్డ పెడ్తరా అక్కా?" అన్నాడు సార్. చాటను బల్ల కిందికి తోసి, బల్ల మీది గుడ్డను కిందికి లాగి కప్పేశాడు.

ముగ్గురు వచ్చారు. ఒకరు నిజామాబాద్‌లో కిరాణా సామాను హోల్‌సేల్ వ్యాపారి, బొద్దుగా, చేతికి ఉంగరాలతో. ఒకరు రిటైరైన ఇంజనీరు, సన్నని మనిషి, జేబులో రెండు పెన్నులు. మూడో ఆయన అంకాపూర్ రైతు, అందరూ పటేలు అంటారు, విత్తనాల వ్యాపారం చేస్తాడు. తెల్ల బట్టలు, కాళ్లకు మట్టి అంటిన చెప్పులు. ఆయన గోడ వైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నేను నిలబడ్డాను. చేతుల్లో చాట లేదు, వాటికి ఏం చేయాలో తెలియలేదు. వేళ్లు వాటంతట అవే గాలిలో ఏరుతున్నాయి. కొంగు చాటున దాచుకుని మొదలుపెట్టాను. మాటలు వచ్చాయి. మేము పదిమందిమని, ఇన్నేళ్లుగా పసుపు ఏరుతున్నామని, గిర్ని కొంటే కల్తీ లేని పొడి పట్టి ఇస్తామని చెప్పాను. సగం చాట అయ్యుంటుంది అనుకునేసరికి ఒక సంగతి గమనించాను. ఇంజనీరు నన్ను చూడడం లేదు. రిపోర్టు పేజీలు తిప్పుతున్నాడు. నేను ఒక మాట చెబుతున్నాను, ఆ కాగితం ఆయనకు ఇంకో మాట చెబుతోంది. అదేమిటో నాకు వినిపించదు. అప్పటిదాకా ఉన్నది మరిచిపోతానన్న భయం. ఇది వేరే భయం.

నేను చివరి మాట చెప్పి దండం పెట్టాను. ఇంజనీరు పేజీ మధ్య వేలు పెట్టి అడిగాడు.

"రెండు పాలిషింగ్ డ్రమ్ములు ఉన్నాయని రాశారు. ఏ తయారీవి?"

పాలిషింగ్ డ్రమ్ము అంటే పసుపు కొమ్ముల పైచెక్కు పోయేలా తిప్పే పీపా. మా దగ్గర ఒక్కటి కూడా లేదు. కొనాలనుకుంటున్నామని రాసి ఉంటుందిలే అనుకున్నాను. శ్రీధర్ సార్ ముందుకు వంగి ఇక్కడే చేయించినవి అన్నాడు. మాటలో తడబాటు లేదు.

ఇంజనీరు పేజీ తిప్పాడు. ఈసారి నా ముఖం చూసి అడిగాడు.

"నాలుగు దుకాణాలు మీ పొడి తీసుకుంటామని ఒప్పుకున్నాయని ఉంది. నిజమేనా అమ్మా?"

ఏ దుకాణమూ ఒప్పుకోలేదు. మేము ఏ దుకాణాన్నీ అడగనే లేదు.

శ్రీధర్ సార్ నా వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదనుకున్నాడు. నేను ఏమీ అనకపోతే చాలు. కింద ఎనిమిదిమంది కూర్చున్నారు. సేటు గడప మూసుకుపోయినట్టే. పాత ఇనుము కొనేవాడు కాచుకుని ఉన్నాడు. నేను నోరు మూసుకుంటే గిర్ని మాది అవుతుంది. నోరు మూసుకున్నాను కూడా. ఇంజనీరు తల ఊపబోయాడు.

ఆ తల ఊపడం నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లు చూశాను. నా మౌనం మీద ధర చెప్పబోయే ముందు సేటు ఊపే తల అది. కొంగు చాటునుంచి నా ఎడమ చెయ్యి బయటికి వచ్చి, బల్ల మీది రిపోర్టును పక్కకు నెట్టేసింది. నేను నెట్టానని చెప్పలేను. చెయ్యి నెట్టింది.

"అవి లెవ్వు సార్," అన్నాను. "డ్రమ్ములు లెవ్వు. దుకాణాలు లెవ్వు."

శ్రీధర్ సార్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ఆమెకు భయమైతుంది సార్, ఏం మాట్లాడుతుందో..."

"భయమైతుంది," అన్నాను. "నిజమే."

ఇంజనీరు కళ్లజోడు తీసి మడిచాడు. చివరి పేజీ తెరిచి వేలిముద్ర చూపించి నీదేనా అని అడిగాడు. నాదే అన్నాను. "అయితే దీంట్లో ఉన్న ప్రతి మాటకూ జవాబు చెప్పాల్సింది నువ్వే, నీకు తెలుసా?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. నా వేలు నన్ను జైలుకు పట్టుకుపోతుందేమో అనుకున్నాను. ఆయన లేచి, కుర్చీ మళ్లీ బల్ల దగ్గరికి జరిపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హోల్‌సేల్ వ్యాపారి డబ్బా మూత తీసి పొడి వేలికి రాసుకున్నాడు. రంగు చాలదన్నాడు. అంగట్లో జనం చూసేది రంగేనని, జర రంగు కలిపితే మాట్లాడుకుందామని అన్నాడు. కలపం అని నేను అనేలోపే ఆయనకు నా ముఖంలో జవాబు దొరికినట్టుంది. ఉంగరాల చేత్తో డబ్బా మూత పెట్టి ఆయనా వెళ్లాడు.

అయిపోయింది అనుకున్నాను. కిందికి పోయి వాళ్ల ముఖాలు ఎట్లా చూడాలో తెలియక అక్కడే నిలబడ్డాను. నోరు ఊరుకోని రాజవ్వ గోడకు ఆనుకుని కొంగు నోట్లో పెట్టుకుంది.

గోడ వైపు కూర్చున్న అంకాపూర్ పటేలు కాలు చాపాడు. చెప్పు దేనికో తగిలింది.

"ఈ బల్ల కింద ఏముంది?" అన్నాడు.

శ్రీధర్ సార్ ఏం లేదండి అన్నాడు. నేను వంగి చాట బయటికి లాగి బల్ల మీద పెట్టి గుడ్డ తీశాను. దాచడానికి ఇంకేం మిగిలింది కనుక. పటేలు కుర్చీ జరుపుకుని ఒక పుచ్చు కొమ్ము తీసుకుని నలిపాడు. దుమ్ము రాలింది.

"ఇది యాడిది?"

"మీరు ఇప్పుడు చూసిన పొడికి తెచ్చిన కుప్పల నుంచి ఏరినం పటేలా."

"ఇంత పోతదా?"

"ఇంత పోతది. వేరే గిర్నిలకు ఇది కూడ పోతది. పొడి అయినంక ఎవరికి ఎరుక? రంగు గలిపితే అసలే ఎరుక పడదు. మేం పోనియ్యం. గందుకే మా దగ్గర పొడి తక్కువెళ్తది, రంగు తక్కువుంటది, ధర జరంత ఎక్కువుంటది." ఆగలేకపోయాను. తప్పులు చెప్పడం మొదలైతే నా నోరు ఆగదు, అదే నా పని. "కరెంటు పొద్దంత ఉండదు. గిర్ని పాతది. వానకాలంల పొడి గడ్డ గడ్తది, దానికేం జెయ్యాల్నో మాకు ఇంక తెల్వదు. ప్యాకెట్లు కట్టుడు కూడ నేర్వాలె."

"మరేం తెలుసు నీకు?"

"కొమ్ము ఇరిస్తె తెలుస్తది."

ఆయన చాటలోంచి రెండు కొమ్ములు తీసి, నన్ను కళ్లు మూసుకోమన్నాడు. విరిచాడు. ఒకటి తేమది, రెండోది బాగా ఎండినది అని చప్పుడు విని చెప్పాను.

పటేలు ఆ ముక్కలను చాటలో వేశాడు. "నేను విత్తనాల సంచికి చీటి కుడ్త," అన్నాడు. "సంచిల లేనిది చీటి మీద ఉంటే రైతుకు ఒక పంట పోతది. గా ఇంజనీరు లేచిపోయిండంటే తప్పు ఆయనది గాదు." రిపోర్టును చాట పక్కకు జరిపాడు. "రేపు పగటాల్లకు, పన్నెండు కొట్టకముందే, ఇదే కాగితం అంకాపూర్‌కు పట్కరా. ఉన్నదే ఉండాలె. లేనిది ఒక్కటి కనబడ్డా మళ్ల నా దగ్గరికి రాకు."

ఒప్పుకున్నట్టా, బెదిరించినట్టా నాకు తెలియలేదు. కింద ఎనిమిదిమందికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒకామె ఏడ్చింది. శ్రీధర్ సార్ స్కూటర్ స్టార్ట్ చేస్తూ, ఒక్క నిమిషం ఊకుంటే పనైపోతుండె కదక్కా అన్నాడు. ఆయనను చెడ్డవాడని అనలేను. అందరూ ఇట్లానే రాస్తారని, తర్వాత తెచ్చిపెట్టుకుంటే అబద్ధం నిజమవుతుందని ఆయన నమ్మాడు. తప్పు నాది కూడా. ఎవరి కుప్పలోనైనా మోచేతి దాకా చెయ్యి పెట్టేదాన్ని, నా సొంత కాగితాన్ని పైన చూసి వేలు వేశాను.

పటేలు పెట్టుబడి పెట్టాడా అని అడుగుతారు. పెట్టాడు, మేము అడిగినదానిలో సగమే. గిర్ని మాత్రం ముక్కలు కాలేదు. మొదటి ఏడు చాలా కష్టపడ్డాం, ఇద్దరు మధ్యలో వదిలి వెళ్లారు. ఇప్పుడు చిన్న వ్యాపారం పెట్టుకోవాలనే ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చి పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు ఎట్లా మాట్లాడాలి అని అడుగుతుంటారు. భయం ఎట్లా పోతుంది అంటారు. పోదు అని చెబుతాను. తెలియనిదాన్ని మోసుకుని ఆ గదిలోకి పోవద్దని చెబుతాను. మీ మాలులో తప్పు ముందు మీరే ఏరండి, ఏరిన చాటను బల్ల మీదే పెట్టండి అంటాను. నాకు తెలిసింది అంతే.

ఆ లాడ్జి గది నుంచి వచ్చిన మర్నాడు పొద్దున పదిమందిమి మా వాడలో ఉండే శాంతమ్మ టీచరు ఇంటికి పోయాం. ఆమె బడికి పోయే ముందు గంటసేపు మా కోసం కూర్చుంది. మేము పసుపు ఏరేటప్పుడు కూర్చున్నట్టే గుండ్రంగా కూర్చున్నాం. పద్నాలుగు పేజీలు మొదటి నుంచి గట్టిగా చదవమన్నాను. పెన్ను పట్టడం రాదు కనుక ఒక పసుపు కొమ్మును బండ మీద రుద్ది మొన చేసి, గిన్నెలో నీళ్లు పెట్టుకున్నాను. లేనిది వినబడిన చోటల్లా ఎవరో ఒకరు తప్పు పేరు చెప్పినట్టు ఆపేవారు. టీచరు వేలు పెట్టి చూపించేది. నేను కొమ్మును నీళ్లలో ముంచి, తప్పుకు గుర్తుగా దాని కింద గీత గీసేదాన్ని. డ్రమ్ముల కింద, దుకాణాల కింద, లేని గోదాము కింద.

చివరి పేజీలో సంఘం పెద్దకు పసుపు పనిలో ఇరవై ఐదేళ్ల అనుభవం ఉందని రాసి ఉంది. ఎవరూ ఆపలేదు. టీచరు కూడా ఆగకుండా ముందుకు పోయింది. నేనే ఆపాను.

"పద్దెనిమిది," అన్నాను.

"ఇదేమంత తప్పు కాదులే భూమక్కా, ఉండనీ," అంది టీచరు.

నా పేరు ఎక్కడుందో చూపించమన్నాను. చూపించింది. అంతవరకు నా పేరును నేను చూసి ఎరగను. చిన్నగా ఉంది. కొమ్మును మళ్లీ నీళ్లలో ముంచి, ఆ వరుస కింద గీత గీశాను.